కొత్త జాతి స్టోన్‌ఫ్లై అనిపిస్తోంది, వర్ణన ఎక్కడ మొదలుపెట్టాలి?

గుంటూరు జలకీటకం:

అందరికీ నమస్కారమండీ. గుంటూరు నుంచి రాస్తున్నాను, జలకీటకాల మీద పీహెచ్‌డీ. అనంతగిరి, అరకు మధ్య కొండల్లో ఒక గెడ్డ (కొండవాగు) పక్కన అటవీశాఖ అనుమతితో పట్టిన స్టోన్‌ఫ్లైలు (వాగుల్లో పెరిగే రెక్కల కీటకాలు) ఉన్నాయి. మగవి 7, ఆడవి 4, నింఫ్‌లు (నీళ్ళలో ఉండే పిల్ల పురుగులు) 12. మగవాటి ముందు రెక్క 9 నుంచి 10 మి.మీ. ఒసెల్లై (తల మీది చిన్న సాదా కళ్ళు) రెండే. నింఫ్‌లకు రొమ్ము పక్కల కుచ్చు మొప్పలు ఉన్నాయి. మగవాటి ఏడో టెర్గం (ఉదర ఖండితం పై పలక) మీద చిన్న దిమ్మెలా ఒక ప్రాసెస్ కనిపిస్తోంది. ప్రజాతి నియోపెర్లా అనుకుంటున్నాను.

దక్షిణ భారతం నుంచి వర్ణించిన నియోపెర్లాల బొమ్మలతో పోల్చాను. తల మీది మచ్చ ఆకారం దేనితోనూ కలవడం లేదు. అన్నీ 75 శాతం ఆల్కహాల్‌లో 5 నెలలుగా ఉన్నాయి. ఏ మగదానిలోనూ ఎడియాగస్ (మగ జననాంగం) బయటికి రాలేదు. తల మచ్చ, ఏడో టెర్గం, రెక్క కొలతలతో వర్ణన రాసి పంపితే సరిపోతుందా? నింఫ్‌ను కూడా అదే పేపర్లో పెట్టొచ్చా? పేరు ఒకటి అనుకున్నాను గానీ ఇక్కడ రాయడం లేదు.

వాగురాయి:

తల మచ్చతో పంపకండి. నియోపెర్లాలో అది అన్నిటికన్నా బలహీనమైన ఆధారం. కుబుసం విడిచి ఒకటి రెండు రోజులే అయిన పురుగు ఒళ్ళు పాలిపోయి ఉంటుంది. మచ్చ ఇంకా ముదరదు. అదే జాతిలో ముదిరిన పురుగుకు ఆ మచ్చ రెండు ఒసెల్లైలను కలుపుతూ నల్లగా పరుచుకుని ఉండొచ్చు. దాని మీద ఆల్కహాల్‌లో 5 నెలలు నానితే రంగు గోధుమ వైపు దిగిపోతుంది. మీ 7 మగవాటిలో రెక్కలు మెత్తగా ముడతపడుతున్నవి, ఉదరం అద్దంలా పారదర్శకంగా ఉన్నవి ముందే పక్కన పెట్టండి. రంగు వర్ణన మిగిలినవాటి నుంచే రాయాలి.

ఒసెల్లై లెక్క కూడా ఒక్కటే చాలదు, ఫానోపెర్లా అనే ఇంకో ప్రజాతికీ రెండే. ఏడో టెర్గం ప్రాసెస్ ఉందన్నారు కాబట్టి నియోపెర్లా దారి సరైనదే అనిపిస్తోంది. అయితే జాతిని తేల్చేది ఎడియాగస్. ఎంత పెద్ద పొరపాటు జరగగలదో తెలియాలంటే ఉత్తర అమెరికా సంగతి చూడండి. అక్కడి నియోపెర్లాలన్నిటినీ చాలా కాలం పాటు 1839లో న్యూమన్ పెట్టిన క్లైమెనీ అనే ఒక్క పేరు కిందే వేస్తూ వచ్చారు. పైకి అన్నీ ఒకేలా ఉంటాయి మరి. 1978లో స్టార్క్, బామన్ మగవాటి ఎడియాగస్‌లనూ ఆడవాటి గుడ్లనూ పక్కపక్కన పెట్టి చూసేసరికి ఆ ఒక్క పేరు కింద చాలా జాతులు బయటపడ్డాయి. మన దగ్గర దీనికి తిరగబడిన ప్రమాదం ఉంది: ఒకే జాతికి రంగు తేడా చూసి రెండు పేర్లు పెట్టేయడం.

మగదానిలో మీరు రాయాల్సినవి ఇవి. ఏడో టెర్గం ప్రాసెస్ ఆకారం, దాని అంచు మీద ముళ్ళు ఎక్కడున్నాయి. ఎనిమిదో టెర్గంలో ఏమైనా లేచి ఉందా, ఉంటే ముందుకు వంగిందా, నిలువుగా ఉందా. తొమ్మిదో టెర్గం మీద సెన్సిల్లాల (సన్నని ఇంద్రియ ముళ్ళ) గుంపులు. పదో టెర్గం రెండుగా చీలి వచ్చే కొక్కేలు, అంటే హెమిటెర్గల్ లోబులు, పక్క నుంచి చూస్తే ఎంత పొడవు. ఆ తర్వాత ఎడియాగస్: గొట్టం పొడవు, వెడల్పు, వంపు, కొసన ఉన్న సంచి గొట్టంతో పోలిస్తే ఎంత, సంచి మీద ముళ్ళు ఏ ముఖాన ఎన్ని వరుసలు. సంచి బయటికి రాకుండా వేసిన బొమ్మ సగం బొమ్మే. తర్వాత చూసేవాళ్ళకు దానితో పోల్చడానికి ఏమీ దొరకదు.

ఇంకో చిక్కు. పాత వర్ణనల్లో కొన్ని ఆడదాని మీదే ఆధారపడ్డాయి. మీ మగవి కొత్తగా కనిపించినా, వాటి ఆడదానికి ఎప్పుడో పేరు పడి ఉండొచ్చు. కాబట్టి ఆ 4 ఆడవి మీకు మగవాటంత విలువైనవి. ఎనిమిదో స్టెర్నం (కింది పలక) అంచు, లోపలి స్పెర్మథీకా (వీర్యం దాచే సంచి), గుడ్డు మూడూ చూడండి. ప్లెకోప్టెరా స్పీసీస్ ఫైల్ అనే స్టోన్‌ఫ్లైల ఆన్‌లైన్ జాబితాలో ప్రజాతి కింద పేర్లన్నీ ఉంటాయి. దక్షిణ భారతంతో ఆపేయకుండా శ్రీలంక, ఈశాన్యం, మయన్మార్ పేర్లు కూడా తీసి, ప్రతి పేరుకూ మూల వర్ణన చదవండి. దగ్గరగా అనిపించిన రెండు మూడు జాతులకు టైప్ నమూనా (పేరుకు ఆధారంగా దాచిన పురుగు) ఏ మ్యూజియంలో ఉందో చూసి, ఏడు నుంచి పది టెర్గాల వరకు ఫోటో కావాలని క్యూరేటర్‌కు ఉత్తరం రాయండి. చాలామంది పంపిస్తారు.

బెజవాడ లెన్స్:

ఆల్కహాల్‌లో గట్టిపడినవాటి నుంచి ఎడియాగస్ తీయడం సాధ్యమే. కంగారు పడకుండా చేస్తే 7లో 4 వరకు బాగా వస్తాయి. మొదట అన్నిటికన్నా బాగున్న మగదాన్ని పక్కన పెట్టేయండి, అది హోలోటైప్, అంటే కొత్త పేరుకు ఆధారంగా నిలిచే ఒకే ఒక్క నమూనా. చేయి కుదిరేదాకా దాన్ని ముట్టుకోవద్దు. కాళ్ళు విరిగినదో, రెక్క చిరిగినదో తీసుకుని మొదలుపెట్టండి.

కోసే ముందే మొత్తం పురుగును పైనుంచి, కింద నుంచి, పక్క నుంచి ఫోటోలు తీసుకోండి. తర్వాత ఉదరాన్ని అయిదు, ఆరు ఖండితాల మధ్య సన్నని కత్తెరతో కోయాలి. కొందరు ఏడు దగ్గర కోస్తారు, దాంతో ఏడో టెర్గం ముందు అంచు దెబ్బతింటుంది. కోసిన కొసను డిస్టిల్డ్ వాటర్‌లో 10 నిమిషాలు ఉంచి ఆల్కహాల్ వదిలించండి. ఆ తర్వాత 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్. 10 గ్రాముల పలుకులను నీళ్ళలో కొద్దికొద్దిగా వేసి కరిగించి మొత్తం 100 మి.లీ. చేయాలి. పలుకుల మీద నీళ్ళు పోయకూడదు, వేడెక్కి చిమ్ముతుంది. కళ్ళద్దాలు, గ్లవ్స్ తప్పనిసరి. డబ్బా మూత సరిగ్గా లేక వానాకాలం గాలికి తడిసి ముద్దకట్టిన పలుకులు బలం తగ్గి ఉంటాయి. ద్రావణం పని చేయడం లేదని గంటలు పెంచుకుంటూ పోయేది ఇలాంటప్పుడే. కొత్త డబ్బా తెరవండి.

ఎంతసేపు ఉంచాలన్న దగ్గరే మన ఊళ్ళ సంగతి వేరు. చల్లని దేశాల్లో రాత్రంతా గది ఉష్ణోగ్రతలో ఉంచమని రాస్తారు. మే నెలలో బెజవాడ గదిలో ఫ్యాన్ కింద కూడా 36, 38 డిగ్రీలు ఉంటుంది. రాత్రంతా వదిలితే పొద్దునకు గాజులా తేలిపోతుంది, సంచి మీది సన్న ముళ్ళు కనపడవు. 3 గంటలకోసారి చూడండి. లోపలి కండ కరిగి, సూదితో తాకితే టెర్గాలు పొరల్లా కదులుతుంటే చాలు. తీసి నీళ్ళలో వేసి, ఒక చుక్క పలచని అసిటిక్ ఆమ్లం కలిపి, మళ్ళీ నీళ్ళలో కడగాలి.

ఇక అసలు పని. గాజు పాత్రలో గ్లిజరిన్ వేసి కొసను అందులో వెల్లకిలా పెట్టండి. స్టీరియో మైక్రోస్కోప్ 40 రెట్ల దగ్గర పెట్టుకుని, ఎడమచేతి ఫోర్సెప్స్‌తో తొమ్మిదో స్టెర్నాన్ని మెత్తగా పట్టుకోవాలి. కుడిచేతిలో 5వ నంబర్ సన్న ఫోర్సెప్స్‌తో కోసిన వైపు నుంచి లోపలికి వెళ్తే గోధుమ రంగు గొట్టం తగులుతుంది. దాన్ని వెనక్కి, తొమ్మిది, పది ఖండితాల మధ్య దారి వైపు నెట్టాలి. గొట్టం బయటికి వచ్చాక కూడా సంచి లోపలే ఉంటుంది, తడి చొక్కా విప్పినప్పుడు చెయ్యి లోపలికి తిరిగి ఉండిపోయినట్టు. దాన్ని కొస నుంచి లాగబోతే చిరుగుతుంది. ఇన్సులిన్ సిరంజి సూది మొనను గొట్టం మొదట్లో పెట్టి కొంచెం కొంచెంగా నీళ్ళు ఎక్కించండి, సంచి దానంతట అదే ఉబ్బి తిరగబడుతుంది. సగంలో ఆగిపోతే ఇంకో గంట పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేసి మళ్ళీ ప్రయత్నించండి. బలం పెట్టొద్దు. పూర్తిగా తేలిపోయినదానికి క్లోరజోల్ బ్లాక్ రంగు అర నిమిషం పట్టిస్తే ముళ్ళు మళ్ళీ తెలుస్తాయి.

బొమ్మ మూడు వైపుల నుంచీ కావాలి: పక్క, పైన, కింద. ఒక్క వైపు బొమ్మ చూసి సంచి మీద ముళ్ళ వరుస పైముఖాన ఉందో కింద ఉందో ఎవరూ చెప్పలేరు. పని అయ్యాక కొసను సన్నని మైక్రోవయల్‌లో ఆల్కహాల్ పోసి ఉంచి, ఆ మైక్రోవయల్‌ను మిగతా ఒళ్ళు ఉన్న సీసాలోనే వేయండి. వేరే సీసాలో పెడితే ఏ కొస ఏ పురుగుదో రెండేళ్ళకు తేలదు.

మళ్ళీ వెళ్ళగలిగితే ఈ తిప్పలు లేని దారి ఉంది. అమావాస్యకు అటూ ఇటూ రోజుల్లో గెడ్డ ఒడ్డున తెల్ల పంచె కట్టి, యూవీ దీపం పెట్టండి. చీకటి పడ్డాక తొలి రెండు మూడు గంటలు చాలు. తొలకరి పడిన మర్నాడు మాత్రం వద్దు, ఉసిళ్ళు పంచె నిండా వాలితే స్టోన్‌ఫ్లైలను ఏరడం అవ్వదు. వాలిన మగదాన్ని ఫోర్సెప్స్‌తో పట్టి, ఉదరాన్ని ముందు నుంచి వెనక్కి మెల్లగా నొక్కుతూ వస్తే ఎడియాగస్ బయటికి వస్తుంది. నొక్కు వదలకుండా మరిగే నీళ్ళలో 2, 3 సెకన్లు ముంచి, వెంటనే 80 శాతం ఆల్కహాల్‌లో వేయండి. ఫ్లాస్కులో వేడి నీళ్ళు తీసుకెళ్ళడం మరిచిపోతే ఈ పద్ధతి కుదరదు.

గుంటూరు జలకీటకం:

చాలా సంతోషమండీ లెన్స్ గారూ. రెండు సందేహాలు. గుడ్లకు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ తప్పదా? నింఫ్ సంగతి ఎవరూ చెప్పలేదు.

వాగురాయి:

గుడ్డుకు తప్పదనే చెబుతాను. మామూలు మైక్రోస్కోప్‌లో ఆకారం, కాలర్ (గుడ్డు ఒక కొసన ఉండే అంచు) కనిపిస్తాయి గానీ, పై పెంకు మీది గీతలు, గుంటలు, మైక్రోపైల్ (వీర్యకణం లోపలికి వెళ్ళే) రంధ్రాల వరుస తేలవు. ఆడదాని ఉదరం పక్కగా చీల్చి ముదిరిన గుడ్లు 10 తీయండి. ముదరని గుడ్డు మెత్తగా, గీతలు లేకుండా ఉంటుంది. దాన్ని చూసి నున్నని గుడ్డు అని రాస్తే తప్పు అచ్చవుతుంది. అంటిన జిగురు పోవడానికి అల్ట్రాసోనిక్ క్లీనర్‌లో కొన్ని సెకన్లు, ఆపై 70, 80, 90, 100 శాతం ఆల్కహాల్‌లో ఒక్కొక్క దానిలో 10 నిమిషాలు, చివర హెచ్‌ఎండీఎస్ అనే ఆరబెట్టే రసాయనంలో ఆరబెట్టి బంగారు పూత. కొన్ని గుడ్లయినా పక్కకు తిరిగి, కొన్ని కాలర్ పైకి ఉండేలా స్టబ్ (నమూనా అంటించే చిన్న దిమ్మె) మీద అమర్చమని ల్యాబ్ వాళ్ళకు ముందే చెప్పండి.

నింఫ్‌లు మగవాటితో ఒకే గెడ్డలో దొరికాయన్నంత మాత్రాన అదే జాతి అని రాయకూడదు. ఒకే గెడ్డలో రెండు మూడు నియోపెర్లాలు కలిసి ఉండొచ్చు. కలిపే దారులు రెండే. ఒకటి, పెంచడం. రెక్కల మొగ్గలు నల్లబడిన నింఫ్ కొద్ది రోజుల్లోనే కుబుసం విడుస్తుంది. దాన్ని దోమతెర అల్లిన డబ్బాలో పెట్టి గెడ్డలోనే, ప్రవాహంలోనే, పై భాగం నీళ్ళ బయట ఉండేలా రాళ్ళతో నిలబెట్టండి. బయటికి వచ్చిన పురుగు రంగు ముదరడానికి ఒక రోజు ఆగి, దానినీ దాని కుబుసాన్నీ ఒకే సీసాలో వేయండి. నింఫ్‌లను గుంటూరు తెచ్చి ఆక్వేరియంలో పెంచాలనుకోవద్దు. ఎయిర్ పంపు ఉన్నా నీళ్ళ వేడికే పోతాయి. రెండో దారి డీఎన్ఏ. రెండూ కుదరకపోతే ఈ పేపర్లో నింఫ్‌ను వదిలేయండి, దానివల్ల జాతి చెల్లుబాటుకు ఏ లోటూ రాదు.

కృష్ణలంక వాసి:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. ఇవి ప్రకాశం బ్యారేజీ దగ్గర గానీ, ఏలూరు కాలవలో గానీ దొరకవా? దీపాలకు వాలే తోకల పురుగులు ఇక్కడా చాలా వస్తాయి.

వాగురాయి:

మీరు చూసేవి మేఫ్లైలు అయి ఉంటాయండీ. మేఫ్లై వాలినప్పుడు రెక్కలు నిలువుగా పైకి మడుస్తుంది. స్టోన్‌ఫ్లై వీపు మీద బల్లపరుపుగా, ఒకదాని మీద ఒకటి పరుస్తుంది. నింఫ్‌లలో అయితే స్టోన్‌ఫ్లైకి తోకలు రెండే, కాలికి గోళ్ళు రెండు. మేఫ్లై నింఫ్‌కు చాలావరకు మూడు తోకలు, కాలికి ఒకే గోరు, మొప్పలు ఉదరం పక్కన. బ్యారేజీ వెనక నిలవ నీరు, అడుగున ఒండ్రు. వేడి నీటిలో ఆక్సిజన్ నిలవదు. స్టోన్‌ఫ్లై నింఫ్‌కు చల్లగా ఉరకలేసే నీరు, కింద దాక్కోవడానికి ఖాళీలున్న రాళ్ళు కావాలి. అందుకే ఈ పని చేసేవాళ్ళు ఇక్కడి నుంచి మారేడుమిల్లి, పాడేరు, అరకు వైపు వెళ్ళాల్సి వస్తుంది.

టైప్ లేబుల్:

పురుగు సంగతి పై ఇద్దరూ చెప్పారు, నేను కాగితాల సంగతి చెబుతాను. ఎందుకంటే మంచి వర్ణనలు ఇక్కడే చెడిపోతాయి.

పేరు ఇక్కడ రాయకపోవడం మంచి పని. సెమినార్ పోస్టర్లో, అబ్‌స్ట్రాక్ట్‌లో కూడా రాయకండి. థీసిస్‌లో జాగ్రత్త మరీ ముఖ్యం. అది శోధ్‌గంగ అనే జాతీయ ఆన్‌లైన్ థీసిస్ సంగ్రహంలోకి ఎక్కుతుంది, కొత్త పేరు అక్కడి నుంచి జనంలోకి వెళ్ళిపోతుంది. థీసిస్‌లో జాతి 1 అని రాయండి. పేరు పెట్టక తప్పకపోతే, నామకరణ ప్రయోజనాలకు ఈ పేరు ప్రచురితం కాదు అనే వాక్యం ముందు పేజీల్లో ఉంచండి. జంతు నామకరణ నియమావళి దానికి వీలిచ్చింది.

అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి నాలుగో కూర్పు 2000 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం మీ పేపర్లో ఇది కొత్త జాతి అని స్పష్టంగా రాయాలి, మిగతా వాటి నుంచి ఎలా వేరో మాటల్లో చెప్పాలి, హోలోటైప్ ఏదో ఒక్కదాన్ని ఎత్తి చూపాలి, అది ఏ సంగ్రహంలో ఉందో లేక ఉండబోతోందో ఆ సంస్థ పేరుతో సహా చెప్పాలి. వీటిలో ఒక్కటి తప్పినా పేరు నిలవదు. 2012లో వచ్చిన సవరణ ప్రకారం ఆన్‌లైన్‌లో మాత్రమే వచ్చే పత్రిక అయితే, పేపర్ వెలువడక ముందే జూబ్యాంక్ (జంతువుల పేర్ల అధికారిక ఆన్‌లైన్ పట్టిక)లో నమోదై, ఆ ఆధారం పేపర్ లోపలే అచ్చయి ఉండాలి. వెలువడిన తర్వాత నమోదు చేస్తే ఆ పేపర్లోని పేరు చెల్లదు. జూటాక్సా, ఇల్లీసియా లాంటి పత్రికల్లో ఎడిటర్లకు ఇది తెలుసు. డబ్బు తీసుకుని వారంలో వేసే పత్రికలకు తెలియదు.

నియోపెర్లా స్త్రీలింగం. ఊరి పేరు మీద అయితే చివర ఎన్సిస్. మగ మనిషి గౌరవార్థం అయితే చివర ఐ, ఆడ మనిషి అయితే ఎఇ అక్షరాల జంట. మన ఊరి పేర్లలోని దీర్ఘాలు, ళకారాలు లాటిన్‌లో గుర్తులు పెట్టి చూపడం కుదరదు, ఉత్త 26 అక్షరాలే.

జీవవైవిధ్య చట్టం 2002, సెక్షన్ 39 ప్రకారం కొత్త టాక్సన్ కనుగొన్నవాళ్ళు నిర్దేశిత రిపాజిటరీకి తెలియజేసి, నమూనాలు అప్పగించాలి. జంతువులకు కోల్‌కతాలోని జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా. హైదరాబాద్‌లో వాళ్ళ మంచినీటి జీవశాస్త్ర కేంద్రం ఉంది, ముందు అక్కడ మాట్లాడితే సులువు. హోలోటైప్‌ను కాలేజీ మ్యూజియం బీరువాలో పెట్టేసి పేపర్ పంపకండి. నంబర్ రావడానికి సమయం పడుతుంది కాబట్టి రాత మొదలుపెట్టినప్పుడే ఉత్తరం పెట్టండి. టైప్‌లను విదేశానికి పంపాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థను అడక్కుండా పంపొద్దు.

లేబుల్‌కు బాండ్ పేపర్, బాల్‌పెన్ పనికిరావు, ఆల్కహాల్‌లో సిరా కారిపోతుంది. మంచి కాటన్ కాగితం మీద పెన్సిల్ గానీ పిగ్మెంట్ ఇంక్ గానీ. సీసా లోపలే వేయాలి, బయట అంటించినది రాలిపోతుంది. జిల్లా పేరు దగ్గర ప్రత్యేకంగా చూడండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. అంతకు ముందు పేపర్లలో అరకు, అనంతగిరి అంటే విశాఖపట్నం జిల్లా, ఆ తర్వాత అల్లూరి సీతారామరాజు జిల్లా. రెండు చోట్ల దొరికిందనుకుని ఎవరో ఒకరు లెక్క వేస్తారు. అందుకే గెడ్డ పేరు, దగ్గరి ఊరు, మండలం, డబ్ల్యూజీఎస్ 84 (జీపీఎస్ వాడే కొలమానం)లో అక్షాంశ రేఖాంశాలు నాలుగు దశాంశాల వరకు, ఎత్తు మీటర్లలో, తేదీలో నెలను రోమన్ అంకెలో రాయండి.

గుంటూరు జలకీటకం:

నమస్కారం టైప్ లేబుల్ గారూ. జిల్లా సంగతి నా లేబుల్స్‌లో నిజంగానే తప్పుంది, పాత పేరే ఉంది. డీఎన్ఏకు ఈ నమూనాలు పనికొస్తాయా?

బెజవాడ లెన్స్:

తప్పున్న లేబుల్‌ను పారేయకండి. దాన్ని లోపలే ఉంచి సరిచేసిన లేబుల్ పక్కన వేయండి.

డీఎన్ఏకు 75 శాతంలో 5 నెలలు, అదీ వేసవి దాటి, అంటే ఆశ తక్కువ. ఒక పారాటైప్ (హోలోటైప్‌తో పాటు పేపర్లో చూపే మిగతా నమూనా) వెనక కాలు తీసి ప్రయత్నించొచ్చు. ఫోల్మర్ ప్రైమర్లతో (డీఎన్ఏ ముక్కను నకలు తీసే మొదటి తునకలతో) సీవోఐ అనే మైటోకాండ్రియా జన్యువులో 658 బేస్‌ల ముక్క, ఎనీలింగ్ (ప్రైమర్ అతుక్కునే వేడి) 50 డిగ్రీల చుట్టుపక్కల. డీఎన్ఏ ముక్కలై ఉంటే ఇంత పొడవు రాదు. ఈసారి వెళ్ళినప్పుడు మగవి రెండు, ఆడవి రెండు, నింఫ్‌లు నాలుగు 95 శాతానికి తగ్గని ఆల్కహాల్‌లో వేరుగా వేయండి. 24 గంటలకు ఆల్కహాల్ మార్చడం అసలు మరవొద్దు, పురుగు ఒంట్లోని నీరు దాన్ని పలచబరుస్తుంది. 95లో వేసినవి పెళుసుబారి కాళ్ళు విరుగుతాయి కాబట్టి హోలోటైప్‌కు మాత్రం 80 శాతమే. సీక్వెన్స్ వచ్చాక ప్రోటీన్‌గా మార్చి చూసి, మధ్యలో స్టాప్ కోడాన్ (ప్రోటీన్ ఇక్కడ ఆగాలనే సంకేతం) ఉంటే దాన్ని వాడకండి, అది న్యూక్లియస్‌లోకి చేరిన నకలు ముక్క అయి ఉండొచ్చు.

దుకాణంలో దొరికే డీనేచర్డ్ స్పిరిట్ వద్దు, కలిపిన పదార్థాలు డీఎన్ఏను చెడగొడతాయి. ఆబ్సల్యూట్ ఆల్కహాల్ ఎక్సైజ్ అనుమతి మీదే వస్తుంది, డిపార్ట్‌మెంట్ ద్వారా ముందే పెట్టించుకోండి. రైల్లో స్పిరిట్ సీసాలు తీసుకెళ్ళడం నేరం. కోల్‌కతాకు మీరే నమూనాలు పట్టుకెళ్తుంటే అక్కడి సంగ్రహం వాళ్ళను ఆల్కహాల్ సిద్ధం చేయమని అడిగి, ఇక్కడి నుంచి టిష్యూ కాగితం తడిపి చుట్టి, గాలి చొరని సీసాలో వేసుకెళ్ళండి. దూది మాత్రం చుట్టొద్దు. గోళ్ళకు, సెర్సైకి (తోకలకు) పోగులు చుట్టుకుని, విడదీసేటప్పుడు సెర్సై మొదలంటా ఊడి వస్తాయి.